గేటు బయటి పన్నెండు ఇళ్లు: మెథడిస్టు సంఘం ఇరుగుపొరుగుకు దగ్గరయ్యే పద్ధతి

క్రిస్మస్‌కు ముందువారం దుప్పట్లు పంచి, బ్యానరు ముందు ఫొటో దిగి, మళ్లీ డిసెంబరు దాకా గేటు మూసుకునే సంఘాలు చాలానే ఉన్నాయి. దుప్పటి తీసుకున్న ముసలమ్మ పేరు సంఘంలో ఎవరికీ తెలియదు. ఆమెకేమో పాస్టరుగారు తప్ప ఆ చర్చిలో ఇంకెవరూ తెలియరు. దుప్పటి ఇవ్వడం తప్పు కాదు. అక్కడితో పని అయిపోయిందనుకోవడమే తప్పు.

ఇక్కడ చెప్పేది హైదరాబాద్, వికారాబాద్, తాండూరు, జహీరాబాద్ వైపు ఉన్న చిన్న మెథడిస్టు సంఘాలకు. వంద కుటుంబాల లోపు సంఘం, నిలకడగా నిలబడే పదిమంది, నెలకు ఐదారు వేల ఖర్చు. ఈ మాత్రం ఉంటే ఒక వీధికి ఏడాది పొడవునా పనికొచ్చే పని ఒకటి చేయవచ్చు. ఆంధ్రలోని సంఘాలకూ, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) మెదక్ డయాసిస్ కింద ఉన్న పాత వెస్లియన్ సంఘాలకూ ఇందులో చాలామటుకు వర్తిస్తుంది. కమిటీల పేర్లు మారతాయంతే.

పాస్టరుగారి మీద వేయకండి

మెథడిస్టు పద్ధతిలో పాస్టరు ఒకేచోట ఉండిపోరు. రీజనల్ కాన్ఫరెన్సులో, అంటే ఆ ప్రాంతపు సంఘాలన్నిటి సమావేశంలో, బిషప్‌గారు నియామకాలు చదువుతారు, ఆయన పెట్టె సర్దుకుంటారు. ఆయన ఉత్సాహంతో మొదలైన ట్యూషను, ఆయన స్నేహితుడైన డాక్టరుతో నడిచిన క్యాంపు ఆయనతోపాటే వెళ్లిపోతాయి. కాబట్టి కన్వీనరు సంఘ సభ్యులలోంచే రావాలి. బాగా మాట్లాడేవాళ్లకంటే టైముకు వచ్చేవాళ్లను ఎంచుకోండి. కన్వీనరుతో పాటు స్త్రీల సమాజం నుంచి ఒకరు, యూత్ నుంచి ఒకరు, నర్సుగానో టీచరుగానో పనిచేసేవాళ్లు ఒకరు. నలుగురు చాలు. పదిహేను మంది కమిటీ వేస్తే మీటింగులే జరుగుతాయి.

పని మొదలుపెట్టకముందే సంఘం వ్యవహారాలు చూసే పాస్టరేట్ కమిటీలో తీర్మానం రాయించండి. అందులో మూడు విషయాలు తప్పకుండా ఉండాలి: ఏ పని, ఏ రోజు, ఖర్చు ఏ పద్దు కింద. మాటమీద మొదలైన పని కొత్త పాస్టరుగారికో కొత్త కోశాధికారికో 'పాతవాళ్ల వ్యవహారం'లా కనిపిస్తుంది. తీర్మానం పుస్తకంలో ఉంటే అది సంఘం పని. పాస్టరు బదిలీ అయినప్పుడు కన్వీనరు ఇళ్ల పుస్తకం (దాని సంగతి కింద ఉంది), సామాను జాబితా, దవాఖానా వాళ్ల ఫోను నంబర్లు కొత్త పాస్టరుగారి ముందు పెట్టి, మొదటి నెలలోనే ఆయన్ను వీధంతా తిప్పాలి. రోజుకు పన్నెండు ఇళ్లు చాలు. ఒక్కరోజులో అన్నీ తిప్పితే ఆయనకు ఎవరూ గుర్తుండరు.

పన్నెండు ఇళ్లకు ఒకరు

1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో, మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ మనుషులకు మందిరం అప్పు తీర్చాల్సి వచ్చింది. సభ్యుడికి వారానికి ఒక పెన్నీ చొప్పున, పన్నెండు మందికి ఒక నాయకుణ్ని పెట్టి వసూలు చేయాలనుకున్నారు. ఆ నాయకులు వారం వారం ఇల్లిల్లూ తిరిగేసరికి పైసల సంగతి పక్కకు పోయింది. ఎవరు జబ్బుపడ్డారో, ఎవరి పని పోయిందో, ఎవరింట్లో గొడవలో తెలియడం మొదలైంది. పన్నెండు మందికి ఒక నాయకుడుండే మెథడిస్టు 'క్లాసు' అలా పుట్టింది. ఆ లెక్కనే ఇప్పుడు గేటు బయటికి తీసుకెళ్లాలి: ఒక్కో మనిషికి చర్చి చుట్టూ ఉన్న పన్నెండు ఇళ్లు. వాళ్లు ఏ మతమో అక్కర్లేదు. పదిమంది ఉంటే 120 ఇళ్లు. అంతకు మించి మొదటి ఏడాది ముట్టుకోవద్దు.

మొదటిసారి తిరిగేటప్పుడు ఇద్దరిద్దరుగా వెళ్లండి, ఇద్దరిలో ఒకరు ఆడమనిషి ఉండాలి. బస్తీలో శనివారం సాయంత్రం ఐదు నుంచి ఏడు మంచి వేళ. పల్లెలో పత్తి ఏరే రోజుల్లో ఏడు దాటితే గానీ ఎవరూ ఇంటికి రారు, వచ్చాక వంట. అక్కడ ఆదివారం మధ్యాహ్నమే నయం. బైబిలు, కరపత్రాలు, చర్చి పేరున్న సంచి ఏవీ వద్దు. చేతిలో ఒక లాంగ్ నోట్‌బుక్కు, పెన్ను చాలు.

మొదటి మాటే తేల్చిచెప్పాలి. ఇంటింటికీ పుస్తకం పట్టుకుని తిరిగేవాళ్లను చూడగానే పింఛనుకో ఇంటిస్థలానికో పేర్లు రాస్తున్నారని జనం అనుకుంటారు. రెండు నెలల తర్వాత 'పేరు రాసుకుపోయిన్రు, ఏమీ రాలే' అంటారు. అందుకే గడపలో నిలబడగానే ఇలా మొదలుపెట్టండి: "అక్కా, మేం మూలమీది మెథడిస్టు చర్చోళ్లం. సర్కారు స్కీము కాదు, ఓట్ల పని కాదు. ఈ గల్లీల దేనికి ఇబ్బంది పడుతున్నరో అడుగుదామని వచ్చినం. చేయగలిగింది ఒక్కటే చేస్తం, అది ఏడాదంతా చేస్తం." ఈ చివరి మాట మరవద్దు. ఆశ పెంచకుండా ఆపేది అదే.

అడగాల్సినవి మూడే. ఇంట్లో బీపీకో షుగరుకో ఇంకేదైనా రోగానికో రోజూ మందు వేసుకునేవాళ్లున్నారా? పిల్లలు ఏ తరగతి, సాయంత్రం ఎవరి దగ్గర ఉంటారు? ఈ గల్లీకి అన్నిటికంటే పెద్ద తిప్పలు ఏది? కులం, మతం, ఆధార్, జీతం అడగవద్దు, వాళ్లంతట వాళ్లు చెప్పినా రాయవద్దు. పుస్తకంలో ఇంటికి ఒక పేజీ ఉంచండి. పేరు, ఎలా పిలవాలి, చెప్పిన ఇబ్బంది, ఏ వేళకు ఇంట్లో ఉంటారు. ఫోనులో ఫారం నింపుకుంటూ తల దించుకుని మాట్లాడితే ఎదుటివాళ్లు సర్వేవాడితో మాట్లాడినట్టే మాట్లాడతారు.

120 ఇళ్లు తిరిగాక నలుగురూ కూర్చుని మూడో ప్రశ్న జవాబులు లెక్కపెట్టండి. డ్రైనేజీ, వీధిలైట్ల లాంటివి ఎక్కువ వస్తే అవి సంఘం చేసే పనులు కావు. అర్జీ రాసి, వీధివాళ్ల సంతకాలతో మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో ఇచ్చి, రసీదు తెచ్చి వాళ్లకు చూపించండి. అదీ సేవే. మిగిలినవాటిలో ఎక్కువమంది చెప్పిన ఒక్కదాన్ని ఎంచుకోవాలి. మామూలుగా తేలేవి కింద ఉన్నాయి.

నెలకోసారి బీపీ, షుగరు చూడటం

మెథడిస్టులకు ఇది పాత పని. వెస్లీ 1746లో లండన్‌లో ఫౌండ్రీ అనే తన మందిరంలో పేదలకు ఉచితంగా మందులిచ్చే చోటు తెరిచాడు. 1870లో బరేలీ వచ్చిన డాక్టర్ క్లారా స్వెయిన్ మెథడిస్టు మిషన్ పంపిన మనిషే. అయితే మీరు ఆసుపత్రి పెట్టడం లేదు, 'మెగా హెల్త్ క్యాంప్' అంతకంటే కాదు. ఏడాదికోసారి ముప్పై మంది డాక్టర్లను రప్పించే క్యాంపులో ఐదొందల మందిని చూస్తారు, నెల తిరిగేసరికి ఆ చీటీలు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు. నెలకోసారి డెబ్బై మందిని చూసి, వాళ్లను దవాఖానాకు చేర్చగలిగితే అది ఎక్కువ పని.

రోజు: రెండో శనివారం, ఉదయం 6.30 నుంచి 9.30. ఆదివారం పెట్టవద్దు. ఆరాధన వేళకు బీపీ చూస్తామంటే, చూపించుకోవాలంటే కూర్చుని ప్రసంగం వినాలేమో అనుకుని చాలామంది రారు. చోటు మందిరం లోపల కాకుండా వరండాలోనో కాంపౌండులో చెట్టు కిందో ఉంటే ఇతర మతాలవాళ్లు కూడా మొహమాటపడకుండా వస్తారు.

కావాల్సినవి: జబ్బకు కట్టే డిజిటల్ బీపీ మిషన్లు రెండు (మణికట్టుకు పెట్టేవి వద్దు), లావు చేతులకు పెద్ద కఫ్ (చేతికి చుట్టే పట్టీ) ఒకటి, గ్లూకోమీటరు, దానికి సరిపడే స్ట్రిప్పులు, మనిషికొకటి చొప్పున వాడి పారేసే లాన్సెట్లు (వేలికి పొడిచే చిన్న సూదులు), స్పిరిటు, దూది, చేతులు కడుక్కోవడానికి నీళ్లు, సబ్బు, మూత ఉన్న దళసరి ప్లాస్టిక్ డబ్బా, కుర్చీలు ఎనిమిది. వేలికి పొడిచే పని రిజిస్టరు అయిన నర్సో ల్యాబ్ టెక్నీషియనో మాత్రమే చేయాలి. యూత్ పిల్లలు టోకెన్లు, రాత పని చూసుకుంటారు.

బీపీ తప్పుగా రావడానికి కారణం చాలాసార్లు మిషను కాదు, తొందర. నడిచొచ్చిన మనిషిని నడిచొచ్చినట్టే కూర్చోబెట్టి కఫ్ కడితే పది, ఇరవై ఎక్కువే చూపిస్తుంది. అందుకే ఎనిమిది కుర్చీలు. వచ్చినవాళ్లు వరసలో ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. నడుముకు ఆనుడు ఉండాలి, పాదాలు నేలమీద ఉండాలి, కాలు మీద కాలు వేసుకోకూడదు. చేయి బల్లమీద గుండె ఎత్తున ఉండాలి. చీర జాకెట్టు చేయి బిగుతుగా ఉంటే పైకి చుట్టవద్దు, ఆ బిగుతు కూడా లెక్క చెడగొడుతుంది. పలచని గుడ్డ అయితే దాని మీదనే కట్టడం నయం. అరగంట లోపు చాయ్, బీడీ, గుట్కా ఉంటే ఆగమనండి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి, రెండూ రాయాలి. ఇలా చేస్తే మిషనుకు గంటకు పన్నెండు మంది. రెండు మిషన్లు, మూడు గంటలు కాబట్టి డెబ్బైకి మించి టోకెన్లు ఇవ్వవద్దు. మిగతావాళ్లకు వచ్చే నెల మొదటి టోకెన్లు.

షుగరుకు ముందు అడగాల్సింది: "పొద్దున్నుంచి ఏమన్న తిన్నరా? చాయ్ తాగిన్రా?" చాయ్‌ని చాలామంది తిండిలో లెక్కపెట్టరు. చక్కెర వేసిన చాయ్ తాగితే అది పరగడుపు కాదు. చీటీమీద 'తిన్నాక' అని రాయండి. చేతులు సబ్బుతో కడిగి, తుడిచి, స్పిరిటు పూర్తిగా ఆరాకే పొడవాలి. మామిడిపండు కోసిన చేత్తో వచ్చిన మనిషికి వేలిమీది తీపి కూడా రీడింగులో కలుస్తుంది. స్ట్రిప్పుల డబ్బా మూత తీసి పెడితే గాలిలో తేమకు అవి పాడవుతాయి, అంకెలు అటూ ఇటూ అవుతాయి. లాన్సెటును ఒకరికి వాడింది ఇంకొకరికి వాడకూడదు. లాన్సెటు బిగించి పొడిచే పెన్నులాంటి పరికరం ఇంట్లో ఒక్క మనిషి వాడుకోడానికి చేసింది, క్యాంపులో దాని జోలికి పోవద్దు. వాడిన లాన్సెట్లు దళసరి డబ్బాలో వేసి, ముందే మాట్లాడుకున్న ఆసుపత్రికి అప్పగించాలి. చెత్తబండిలో వేస్తే అది ఎవరో పారిశుద్ధ్య కార్మికురాలి చేతికి గుచ్చుకుంటుంది.

ఏ అంకెకు ఏం చెప్పాలో బల్లమీద అతికించుకోండి. బీపీ పైది 140 గానీ కిందిది 90 గానీ, అంతకు మించి గానీ ఉంటే దవాఖానాకు చీటీ. ఒక్కరోజు చూసినదాన్నిబట్టి 'నీకు బీపీ ఉంది' అనవద్దు, 'డాక్టరుకు చూపించుకోవాలి' అనండి. 180/120 దాటితే అదే రోజు డాక్టరు దగ్గరికి పంపాలి. దానితోపాటు ఛాతీనొప్పి, ఆయాసం, మూతి వంకర, మాట తడబాటు, చేయి బలహీనత ఏది కనిపించినా కూర్చోబెట్టి మళ్లీ చూస్తూ ఉండొద్దు, 108కి ఫోను చేయండి. షుగరు పరగడుపున 126, తిన్నాక ఎప్పుడైనా 200, లేదా అంతకు మించి ఉంటే ల్యాబులో మళ్లీ చేయించుకోమని చీటీ. మాత్రలు మాత్రం ఇవ్వవద్దు, నాటుమందులు చెప్పవద్దు, 'ప్రార్థన చేసినం, ఇక మందు ఆపేయి' అనే మాట ఎవరి నోటా రాకూడదు. ఆ మాట అన్న మనిషిని తర్వాతి నెల నుంచి బల్ల దగ్గర కూర్చోబెట్టవద్దు.

చీటీ ఎక్కడికి? హైదరాబాద్‌లో బస్తీ దవాఖానా, పల్లెల్లో పల్లె దవాఖానా లేదా పీహెచ్‌సీ. బీపీ, షుగరు మాత్రలు అక్కడ ఉచితం. మొదటి క్యాంపుకు ముందే అక్కడి మెడికల్ ఆఫీసరును, ఆశా కార్యకర్తను కలిసి, 'నెలకు ఇన్ని చీటీలు వస్తాయి' అని చెప్పండి. చెప్పకుండా ఒకేరోజు ఇరవై మందిని పంపితే మీ పేషెంట్లు అక్కడ మాటలు పడతారు.

ఇక పన్నెండు ఇళ్ల మనిషికి అసలు పని క్యాంపు అయిన వారానికి మొదలవుతుంది. చీటీ ఇచ్చిన ఇంటికి వెళ్లి అడగాలి: పోయిన్రా? డాక్టరు ఏమన్నడు? పోకపోతే ఎందుకు? ఆటో పైసలు లేకనా, కూలి పోతదనా, భయమా? రెండోసారి కూడా పోకపోతే తోడు వెళ్లాలి. ఇది చేయలేని సంఘం బీపీ మిషను కొనకపోవడమే మంచిది.

చలివేంద్రం

మార్చి రెండో సగంలో పెట్టి మృగశిర కార్తె దాకా నడపాలి. ప్రారంభోత్సవానికి అందరూ వస్తారు, పదో రోజుకు రంజన్లు (నీళ్ల మట్టికుండలు) ఎండిపోతాయి. ఖాళీ రంజన్ మూత తీసి చూసిన మనిషి మీ బోర్డు చదువుతాడు, ఆ పేరు గుర్తుపెట్టుకుంటాడు. అందుకే ముందు రోజువారీ వంతులు రాసుకుని, ఆ తర్వాత బ్యానరు సంగతి చూడండి. పది కుటుంబాలు, ఒక్కొక్కరికి వారంలో ఒక పూట, మిగిలిన పూటలకు యూత్. నీళ్లు పొద్దున తొమ్మిదికి ఒకసారి, ఒంటిగంటకు ఒకసారి నింపాలి. ఒంటిగంట వంతే ఎవరూ తీసుకోరు. జీతం ఇచ్చి ఒక మనిషిని పెట్టుకోవాల్సి వస్తే ఆ వేళకే పెట్టుకోండి.

లెక్క: మనిషి రెండు గ్లాసులు తాగుతాడు, గ్లాసు 200 మిల్లీలీటర్లు. 300 మందికి 120 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు ఆరు. సీసా నింపుకునేవాళ్లను కలుపుకుంటే ఎనిమిది. కొత్త రంజన్లను ఒక రోజంతా నీళ్లలో నానబెట్టి, సబ్బు తగలకుండా పీచుతో కడగాలి. సబ్బు మట్టిలోకి పీల్చుకుంటే వారందాకా వాసన పోదు. కింద తడి ఇసుక, చుట్టూ తడి గోనెపట్టా కప్పి నీడలో పెట్టండి. రంజన్ చెమర్చిన నీరు ఆవిరైతేనే లోపలి నీళ్లు చల్లబడతాయి. తాండూరు, జహీరాబాద్‌ల పొడి ఎండలో ఇది బాగా పనిచేస్తుంది. కాకినాడ లాంటి కోస్తా ఊళ్లలో గాలిలోనే తేమ కాబట్టి అంత చల్లబడవు, అక్కడ రంజన్లమీద ఖర్చు తగ్గించి నీడకు పందిరి పెద్దది వేయడం మేలు. మూడు రోజులకోసారి ఖాళీ చేసి, లోపల పీచుతో రుద్ది, ఎండబెట్టాలి. ఫ్యాక్టరీ ఐసు గడ్డలు నీళ్లలో వేయవద్దు, అది తాగే నీళ్లతో చేసిందని ఎవరూ చెప్పలేరు.

చెంబు ముంచి తీస్తే చేతులు నీళ్లలో పడతాయి. కుళాయి బిగించిన రంజన్లు కొనండి, లేకపోతే పొడుగు కాడ గరిటె గొలుసుతో కట్టండి. గ్లాసుల దగ్గర ఇంకో చిక్కు ఉంది. ఎవరి చేతి నీళ్లు ఎవరు తాగుతారన్న పట్టింపు ఇంకా చచ్చిపోలేదు. అలాంటి ఊళ్లో పేపరు గ్లాసులతో దాన్ని దాటేద్దామనిపిస్తుంది, సాయంత్రానికి రోడ్డంతా చెత్త. స్టీలు గ్లాసులు ముప్పై, కడగడానికి రెండు తొట్లు పెట్టి, అందరికీ అవే గ్లాసులు వాడండి. ఇష్టంలేనివాళ్లు దోసిట్లోనో సొంత సీసాలోనో పట్టుకుంటారు. ఎవరి కోసమూ వేరే గ్లాసు దాచి ఉంచవద్దు.

వారానికి ఒకరోజు మజ్జిగ ఇవ్వదలిస్తే: పది లీటర్ల పెరుగు, నలభై లీటర్ల నీళ్లు, ఉప్పు 300 గ్రాములు, అల్లం పావుకిలో, పచ్చిమిర్చి వంద గ్రాములు, కరివేపాకు, కొత్తిమీర. యాభై లీటర్లకు 250 గ్లాసులు. ఇత్తడి, అల్యూమినియం గిన్నెల్లో పులుపుకు మజ్జిగ చెడుతుంది, స్టీలువే వాడండి. పదిన్నరకు కలిపి ఒంటిగంటలోపు ముగించాలి. ఐదు లీటర్లు ఉప్పు వేయకుండా పక్కన పెట్టండి, బీపీ ఉన్నవాళ్లు అడుగుతారు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఒక డబ్బాలో ఉంచాలి, ప్యాకెట్టుకు లీటరు నీళ్లు. వడదెబ్బతో సోయి తప్పిన మనిషి నోట్లో నీళ్లు పోయవద్దు. నీడకు చేర్చి, ఒళ్లు తడిపి విసురుతూ 108 పిలవాలి.

రోడ్డు పక్కన పందిరి వేయడానికి మున్సిపాలిటీకో పంచాయతీకో కాగితం ఇచ్చి అనుమతి తీసుకోండి. ఎదురుగా గుడి కమిటీదో మసీదు కమిటీదో చలివేంద్రం ఉంటే పక్కనే పోటీగా పెట్టవద్దు. వాళ్లను అడిగి మధ్యాహ్నం వంతు మీరు తీసుకోండి.

సాయంత్రం చదువు

దీనికి ఉత్సాహం త్వరగా వస్తుంది, త్వరగా పోతుంది. వారానికి మూడు రోజులు, ఆరు నుంచి ఏడున్నర. టీచరుకు పదిహేను మంది పిల్లలు మించవద్దు. మొదటిరోజు ప్రతి పిల్లచేత రెండో తరగతి తెలుగు పాఠంలో నాలుగు వాక్యాలు చదివించి, ఒక తీసివేత చేయించి, దాన్నిబట్టి గుంపులు కట్టండి. ఐదో తరగతివాడు చదవలేకపోతే వాడిచేత ఐదో తరగతి హోంవర్కు రాయించడం అర్థం తెలియని గీతలు దిద్దించినట్టే. ఇరవై మందికి గుగ్గిళ్లు పెట్టాలంటే శనగలు 600 గ్రాములు రాత్రి నానబెడితే సరిపోతాయి.

పిల్లల విషయంలో కొన్నిటికి మినహాయింపు లేదు. గదిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లుండాలి, తలుపు తెరిచే ఉండాలి. తల్లిదండ్రుల సంతకం లేకుండా ఎవరినీ చేర్చుకోవద్దు. ఆడపిల్లలను ఇంటిదాకా దిగబెట్టాలి. పిల్ల చెప్పిన మాటలో హింస వాసన తగిలితే పెద్దలతో 'సర్ది చెప్పించే' పని పెట్టుకోవద్దు, పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేయండి. లైంగిక వేధింపు అయితే పోలీసులకు తెలపడం పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి. అవతలివాడు సంఘంలో ఎంత పెద్దవాడైనా సరే.

పిడికెడు బియ్యం

వండేముందు ఒక పిడికెడు తీసి పక్కన డబ్బాలో వేయడం మన స్త్రీల సమాజాలకు తెలిసిన అలవాటే. పిడికెడు సుమారు 50 గ్రాములు. రోజుకొకటి చొప్పున నెలకు ఇంటికి కిలోన్నర, నలభై ఇళ్లకు 60 కిలోలు. పన్నెండు ఇళ్లకు ఐదేసి కిలోలు వస్తాయి. చెడేది రెండుచోట్ల. సన్నవి, దొడ్డువి, పాతవి, కొత్తవి కలిసిపోతే ఆ బియ్యం సగం ముద్ద, సగం పలుకు అవుతుంది. 2025 ఉగాది నుంచి తెలంగాణ రేషన్‌లోనూ సన్నబియ్యం రావడంతో ఈ బాధ కొంత తగ్గింది, అయినా తీసుకునేటప్పుడే పాతవీ కొత్తవీ వేరే సంచుల్లో పోయండి. రెండోది పురుగు. నెల దాటి నిల్వ ఉంచకండి. రేషన్ బియ్యం కలిసినదాన్ని అమ్మి డబ్బు చేసుకుందామన్న ఆలోచన అసలే వద్దు, అది కేసు.

బియ్యం ఎవరికన్నది పన్నెండు ఇళ్ల మనుషులు చెప్పాలి, కమిటీ కాదు. చర్చికి పిలిచి వరసలో నిలబెట్టవద్దు. చీకటిపడ్డాక ఇంటికి చేర్చండి, ఫొటో వద్దు.

ప్రార్థన సంగతి

వెస్లీ 1743లో రాసిన సాధారణ నియమాల్లో మొదటిది కీడు చేయకుండా ఉండటం, రెండోది మేలు చేయడం. ఆ వరసలోనే ఆలోచించండి. సాయానికీ ఆరాధనకూ ముడి పెడితే అవతలివాళ్ల అవసరాన్ని ఆసరా చేసుకున్నట్టే అవుతుంది. ఊళ్లో అనుమానం రేగితే నడుస్తున్న మంచి పనికూడా ఆగుతుంది. బీపీ బల్ల దగ్గర, ట్యూషనులో, బియ్యం ఇచ్చే గడపలో సువార్త చెప్పవద్దు. మీరు మెథడిస్టు చర్చివాళ్లన్నది దాచనూ వద్దు. దాస్తే అది ఇంకో రకం మోసం. ఎవరైనా 'మా పిల్లకోసం ప్రార్థన చేయండమ్మా' అంటే అక్కడే రెండు నిమిషాలు చేయండి, పేరు పెట్టి చేయండి. ఆరాధనకు రావాలనుకునేవాళ్లకు ఆదివారం గేటు తెరిచే ఉంటుంది. మైకు రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా చట్టప్రకారం కూడదు. పగలైనా దాని మూతి వీధివైపు కాకుండా లోపలికి తిప్పండి, పక్కింటి పసిపిల్ల పడుకోవాలి.

డబ్బు

సేవకు వేరే పద్దు, వేరే రసీదు పుస్తకం, ఇద్దరి సంతకాలు. నెలనెలా జమా ఖర్చు ఒక్క కాగితంమీద రాసి నోటీసు బోర్డుకు అతికించండి.

అమెరికాలో ఉన్న బంధువులు పంపుతామంటే ముందు వాళ్ల పాస్‌పోర్టు సంగతి అడగాలి. భారత పౌరులు అక్కడ సంపాదించిన సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ (భారత సంతతి విదేశీయులకిచ్చే) కార్డు ఉన్నాసరే, పంపితే అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి ఉన్న సంస్థ మాత్రమే, న్యూఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలోని నిర్ణీత ఖాతాలోనే దాన్ని తీసుకోవాలి. 2020 సవరణ తర్వాత ఆ సంస్థ దాన్ని ఇంకో సంస్థకు బదిలీ చేయడానికీ లేదు. 'కోశాధికారి సొంత ఖాతాలో వేయించుకుందాం' అనేవాళ్లు ఒకరు ప్రతి కమిటీలోనూ ఉంటారు. ఒప్పుకోవద్దు. నెలకు ఐదారు వేల పనికి విదేశీ డబ్బు అక్కర్లేదు కూడా.

రెండో పని ఎప్పుడు?

మొదటి పని ఆరు నెలలు ఒక్కసారి కూడా తప్పకుండా నడిచాక, అప్పుడే. దానికి మనుషులు కొత్తవాళ్లు కావాలి. బీపీ బల్ల దగ్గరున్న నర్సమ్మనే ట్యూషనుకూ లాగితే మూడు నెలల్లో రెండూ పోతాయి. ఏడాది తిరిగాక పాస్టరేట్ కాన్ఫరెన్సుకు నాలుగు అంకెలు రాసుకెళ్లండి: ఎన్ని ఇళ్లకు నెలకోసారైనా వెళ్లారు, ఎన్ని చీటీలు ఇచ్చారు, అందులో ఎంతమంది దవాఖానాకు పోయారు, ఎన్ని రోజులు పని ఆగిపోయింది. ఇచ్చిన చీటీల్లో సగం కూడా దవాఖానాకు చేరకపోతే టోకెన్లు డెబ్బై నుంచి నలభైకి తగ్గించి, మిగిలిన గంటను ఇళ్లు తిరగడానికి పెట్టండి. పన్నెండు ఇళ్లు ఎవరికైనా బరువైతే ఆరు చేసి, మిగతా ఆరింటికి కొత్త మనిషిని వెతకండి. ఆ కొత్త మనిషి ఆ వీధిలోంచే, సంఘం బయటినుంచి దొరికినా వద్దనకండి.